హీరోయిన్ చీర సరే... రంగు సంగతేమిటి?

తెరమీద హీరోయిన్ కొత్త చీరలో మెరిసిందంటే చాలు, ఇంటర్వెల్లు బెల్లు కొట్టేలోపే మన అమ్మాయిల మనసులో ఆ చీర రిజర్వయిపోతుంది! 1970ల్లో వాణిశ్రీ చీర, వాణిశ్రీ కొప్పు అంటూ ఎంత హడావుడి! శోభన్‌బాబు రింగు కోసం అబ్బాయిలు అద్దం ముందు పడ్డ పాట్లు వాళ్ల నాన్నలకే ఎరుక.

ఇవాళా అంతే. తేడా అల్లా ఒక్కటే. అప్పటి చీర అమ్మ కట్టి, కూతురు కట్టి, ఆఖరికి బొంతలో చేరేది. ఇప్పటి డ్రెస్సు రెండు ఫంక్షన్లకే ముసలిదైపోతోంది!

మరి అదంతా ఎక్కడికి పోతున్నట్టు? ఓసారి కొల్లేటికోట వెళ్లొద్దాం రండి.

1976లో కృష్ణ హీరోగా 'కొల్లేటి కాపురం' వచ్చిందే, ఆ కొల్లేరే! ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకి చుట్టుపక్కల ఊళ్లన్నీ కొత్తబట్టలతో కదిలొస్తాయి. ఈ సరస్సుని 1999లో అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు కొట్టడం ఒక ఎత్తు, నీళ్లు బాగుచెయ్యడం ఇంకో ఎత్తు. బుడమేరు, తమ్మిలేరు, ఊళ్ల మురుగు కాలవలు... వచ్చే దారులు బోలెడు. సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే!

మనం మోజుపడి కొన్న పాలియెస్టర్ చొక్కా ఉతికినప్పుడల్లా కంటికి కనపడని పోగులు రాలుతాయి. అవి కుళ్లవు, కరగవు. సబ్బునీళ్లతో కాలవెక్కి ప్రయాణం కడతాయి. ఆటపాకలో గూడబాతులు చేపలు పట్టుకునేది ఆ కాలవలు చేరే సరస్సులోనే మరి!

అలాగని షోకులు మానేసి సన్యాసం పుచ్చుకోమనడం లేదు. కొల్లేటికి దక్షిణాన, మచిలీపట్నం పక్కనే పెడన ఉంది. కలంకారీ ఊరు! పాతపద్ధతిలో గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్లతో చెక్క అచ్చు వేస్తే నలుపు. పటిక అచ్చు వేసి ఉడకబెడితే ఎరుపు. వెనకటికి దానికి చిరివేరు వాడేవారు. ఆ గుడ్డని పారే నీళ్లలోనే జాడించాలి. అంటే కాలవ బాగుంటేనే కలంకారీ! అయితే జాగ్రత్త: కలంకారీ పేరుతో అమ్మేదంతా ఇలాంటిది కాదు. రసాయన రంగుల స్క్రీన్ ప్రింట్లూ ఉన్నాయి. "రంగు దేనితో వేశారండీ?" అని షాపులో అడగడానికి సిగ్గుపడకండి.

కొనే స్తోమత లేదంటారా? మరీ మంచిది! బీరువాలో ఉన్నదే ఇంకో రెండేళ్లు కట్టండి. అక్క లంగా-వోణీకి కొత్త జాకెట్టు కుట్టించండి. చినిగితే కుట్టుకోండి. బజారుకి గుడ్డసంచీ పట్టుకెళ్లండి.

ఈసారి జాతరలో "ఇది పోయినేడు కట్టిన చీరేగా!" అని ఏ వదినో మూతి తిప్పితే, నవ్వేసి చెప్పండి: "అవునొదినా, హిట్ సినిమా రెండోసారి చూడమా ఏమిటి?"