ఉప్పు, చక్కెర, నీరు: దూరమేగు సైకిలువారి పానీయవిచారము



భారతమున ద్రోణపర్వమునందలి సైంధవవధ ఘట్టమును మీరందఱు చదివియో వినియో యుందురు. సూర్యుడస్తమించులోపల జయద్రథుని గూల్చెదనని ప్రతినపట్టిన అర్జునునకు ఆనాడు గడియ యొక యుగము. అట్టి తొందరలో, శత్రుసేనల నడుమ, రథము నిలిపించి, బాణములతో నేల చీల్చి ఆయన కొలను కల్పించెను. శ్రీకృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని మేని బాణములను పెఱికి, నీరుపట్టి, మేపి, అలసట తీర్చి మరల కట్టెను. చిన్ననాడు మా తండ్రిగారు ఈ కథ చెప్పుచుండగా, ఇంత తొందరలో ఈ జాగేల యని నేనడిగితిని. “గుఱ్ఱములు కూలిన తరువాత గాండీవమేమి చేయునమ్మా?” యని వారు నవ్విరి. ఆ మాటలోని బరువు నిరుటి చైత్రమాసమున మా యింటనే నాకు తెలిసివచ్చినది.

మా మరిదికి ఇరువదియెనిమిదేండ్లు. బ్యాంకిలో గుమాస్తా. “బ్రెవె” యనబడు దూరపు సైకిలు ప్రయాణములన్న అతనికి మిక్కిలి మక్కువ. ఇది పందెము కాదు. ముందు వచ్చినవారు, వెనుక వచ్చినవారు అను భేదము లేదు. గడువులోపల దూరము ముగించిన వారందఱును కృతార్థులే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఈ వాడుక ఫ్రాన్సు దేశమున పుట్టినది. ప్యారిసునుండి బ్రెస్టు రేవువఱకు పోయి మరలివచ్చు ప్రయాణము 1891లో పందెముగా మొదలై, ఇప్పుడు నాలుగేండ్లకొకమాఱు బ్రెవెగా జరుగుచున్నది. ఆ 1200 కిలోమీటర్లకు గరిష్ఠపు గడువు 90 గంటలు. మనదేశపు స్త్రీపురుషులును దానికి పోయి వచ్చుచున్నారు.

మా మరిది ఆనాడు 300 కిలోమీటర్ల బ్రెవెకు బయలుదేరెను. ఎండలు అప్పుడే ముదిరినవి. నేను వాకిటిలో నిలిచి, “నీళ్లు బాగుగా త్రాగుము నాయనా. దప్పికయైనను కాకున్నను త్రాగుచునే యుండుము” అని హెచ్చరించితిని. అతడు నా మాట అక్షరాల పాటించెను. దారిలో నిలిచిన చోటెల్ల రెండు సీసాలును నింపుకొని, ఉట్టినీరే త్రాగెను. ఎండకు ఆకలి చచ్చి, నాలుగు బిస్కత్తులు తప్ప ఏమియు తినలేదు.

రాత్రి గడువులోపలనే ఇల్లు చేరెను. కాని చేతివ్రేళ్లు ఉబ్బి ఉంగరము కదలకుండెను. తలనొప్పి యనెను, రెండుమాఱులు వాంతియైనది. ఎదుట నిలిచియున్న మా అత్తగారిని చూచుచునే “వదినా, అమ్మ యెక్కడ?” అని నన్నడిగెను. ఎండదెబ్బ తగిలినదని తలచి నేను మఱియొక చెంబు నీరు తెచ్చి నోటికందించితిని. ఉపాధ్యాయులగు మావారు నా చేయిపట్టి ఆపి, “మాట తప్పుచున్నవానికి మనము వైద్యము చేయరాదు” అని వెంటనే ఆసుపత్రికి కొనిపోయిరి.

నెత్తురు పరీక్షించిన వైద్యులు చెప్పినది విని నాకు నోట మాట రాలేదు. నీరు తక్కువగుట కాదు, ఎక్కువగుట! ఉదయము మా యింటి తూకమున 64 కిలోలున్నవాడు ఆసుపత్రిలో 65 తూగెను. పగలంతయు చెమటోడ్చినవాడు బరువు పెరిగెనన్న, కోల్పోయినదానికంటె ఎక్కువ నీరు లోనికి పోయినదన్నమాట. లీటరు నెత్తుటి ద్రవమున 135 మొదలు 145 మిల్లీమోలుల సోడియముండుట ఆరోగ్యము. చెమటలో ఉప్పు పోయి, ఉట్టినీరు వచ్చి చేరినపుడు ఆ లెక్క పడిపోవును. అప్పుడు నీరు నెత్తురు విడిచి కణములలోనికి చొచ్చును, మెదడు ఉబ్బును. తలనొప్పి, వాంతి, మతి తప్పుట, మూర్ఛ క్రమముగా వచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. నేనందించిన చెంబు ఆ ముప్పును మఱియొక మెట్టు దగ్గఱ చేసియుండెడిది. చిక్కని ఉప్పుద్రవమును నరములోనికి ఎక్కించి, రెండుదినములుంచి వైద్యులతనిని ఇంటికి పంపిరి.

ఇది మా మరిదికి మాత్రమే కలిగిన వింత కాదు. 2002లో అమెరికాలోని బోస్టను నగరపు మారథాను పరుగులో 488 మంది నెత్తురు పరీక్షింపగా, నూటికి 13 మందికి సోడియము తగ్గియుండెను. పరుగులో బరువు పెరిగినవారు, మెల్లగా చాలసేపు పరుగెత్తినవారు ఇందులో ఎక్కువ. పరుగుకైనను సైకిలుకైనను దేహధర్మమొక్కటే. నేను నా తప్పును దాచక ఇట వ్రాయుటకు కారణమిదియే: “నీళ్లు బాగుగా త్రాగుము” అను సగము మాట మనయిండ్లలో ప్రతి తల్లియు చెప్పుచున్నది. మిగిలిన సగమును తెలిసికొందము.

మొదట చెమట సంగతి. ఎండలో గట్టిగా త్రొక్కువాడు గంటకు అరలీటరు మొదలు ఒకటిన్నర లీటరు, కొందఱు అంతకుమించియు చెమటోడ్చుదురు. లీటరు చెమటలో సోడియము సుమారొక గ్రాము. కొందఱికి అందులో సగమే, కొందఱికి ఒకటిన్నర గ్రాము. ఆరిన చొక్కాపై తెల్లని చారలు కట్టువారు ఉప్పు ఎక్కువగా కోల్పోవువారు కావచ్చును. కావున అందఱికి ఒకే కొలత చెల్లదు. తన కొలత తెలియుటకు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. గంట ప్రయాణమునకు ముందును తరువాతను, చెమట తుడిచికొని, పలుచని బట్టలతో తూగవలయును. తగ్గిన ప్రతి కిలోకు లీటరు నీరు పోయినట్లు. నడుమ త్రాగినదానిని దానికి కలుపవలయును. దూరప్రయాణమున బరువు నూటికి రెండుపాళ్లవఱకు తగ్గుట సామాన్యముగా భయహేతువు కాదు. పెరుగుట మాత్రము ఎన్నడును తగదు. దప్పిక భగవంతుడిచ్చిన కొలబద్ద. దానిని మీఱి బలవంతముగా త్రాగరాదు.

రెండవది చక్కెర సంగతి. మన కండలలోను కాలేయములోను దాగియున్న చక్కెరనిలువ రెండు గంటల గట్టి ప్రయాసకు మించి రాదు. తరువాత కాళ్లు సీసపు ముద్దలగును, మనస్సు కుంగును. దీనిని తప్పించుటకు గంటకు 30 మొదలు 60 గ్రాముల చక్కెరగాని పిండిపదార్థముగాని లోనికి పోవుచుండవలయును. క్రమముగా అలవాటు చేసికొన్నవారు గ్లూకోసు, ఫ్రక్టోసు రెండును కలిసినయెడల 90 గ్రాములవఱకు జీర్ణించుకొనగలరు. మన పంచదారయు బెల్లమును ఈ రెండింటి కలయికయే.

ఉప్పు, చక్కెర కలిసిన నీరు పేగులో త్వరగా ఇంకును. గ్లూకోసును సోడియమును జతగా లోనికి కొనిపోవు ద్వారములు పేగుగోడయందున్నవి. వానివెంట నీరును పోవును. 1960లో రాబర్టు క్రేను అను శాస్త్రజ్ఞుడు ఈ మర్మమును వెల్లడించెను. 1971లో బంగ్లాదేశపు యుద్ధకాలమున, పశ్చిమబెంగాలులోని బొంగావు శరణార్థి శిబిరమున కలరా చెలరేగి, నరమున ఎక్కించు ద్రవములు చాలనప్పుడు, దిలీప్ మహలనబీస్ అను వైద్యులు ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని త్రాగించి వేలమందిని కాపాడిరి. ఆ మహానుభావునకు మరణానంతరము 2023లో పద్మవిభూషణ బిరుదము లభించినది. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ కృషికి ఫలమే. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇప్పటి కొలత ప్రకారము లీటరు నీటికి మామూలు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోసు 13.5, పొటాషియము క్లోరైడు 1.5, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు. ఈ పేరును అతికించుకొని తియ్యని పానీయములు అంగళ్లలో అమ్ముడగుచుండగా, హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏండ్లతరబడి పోరాడిరి. ఆ కొలతకు సరిపడని పానీయములపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహారభద్రతా ప్రాధికారసంస్థ ఆజ్ఞాపించినది. ఇల్లాండ్రందఱును ఆమెకు ఋణపడియున్నాము.

ఇక సైకిలువాని సీసా. 750 మిల్లీలీటర్ల నీటికి పంచదారగాని బెల్లముగాని 40 గ్రాములు, ఉప్పు ఒకటిన్నర గ్రాము (టీచెంచాలో పావువంతు), అరనిమ్మకాయ రసము. దీనివలన సోడియము సుమారు 600 మిల్లీగ్రాములు వచ్చును. చక్కెర తూచి వేయవలయును. ఎక్కువైన కడుపు ఉబ్బి త్రిప్పును. పరికించి చూడుడు! ఇది మన శ్రీరామనవమి పానకమే, ఉప్పొక్కటే క్రొత్త. పెద్దలు వేసవి ముంగిట పానకము వడపప్పు నియమించుటలోని ఔచిత్యము నాకిప్పుడు మఱింత ఇంపుగా తోచుచున్నది. ఉప్పువేసిన పలుచని మజ్జిగయు మంచిదే. కొబ్బరినీటిలో పొటాషియము మెండు, సోడియము కొద్ది. కావున చిటికెడు ఉప్పు తోడుగా నుండవలయును. తినుటకు అరటిపండు, పల్లీపట్టి, ఇడ్లీ, పులిహోర ఉండలు చాలును. ఏదియైనను ఇంటిదగ్గఱ చిన్న ప్రయాణములలో కడుపునకు అలవాటుచేసి, పిమ్మట దూరమునకు కొనిపోవలయును.

ఇల్లు చేరిన తరువాత చేయవలసినదియు కలదు. తగ్గిన ప్రతి కిలోకు ఒకటింబావు మొదలు ఒకటిన్నర లీటరువఱకు, ఒక్క గ్రుక్కలో కాక, కొన్ని గంటలలో మెల్లగా, ఉప్పుగల భోజనముతో త్రాగవలయును. నలిగిన కండల మరమ్మతునకు కిలో బరువునకు 0.3 గ్రాముల చొప్పున ప్రొటీను కావలయును. మా మరిదికి అది సుమారు 20 గ్రాములు: పావులీటరు పాలు, రెండు కోడిగ్రుడ్లు. గ్రుడ్లు తిననివారు పప్పు, పెరుగు, పాలతో పూర్తిచేసికొనవచ్చును. అన్నము చక్కెరనిలువను నింపును. అన్నిటికిని మించిన మందు నిద్ర.

అంగళ్లలోని పొడులు, బిళ్లల మాటయేమి? ఎలక్ట్రొలైటు బిళ్ల చేయునది మన ఉప్పు చేయుపనియే. జేబులో తేలికగా నుండుట దాని గుణము. అందులకు వెలయిచ్చుట తప్పు కాదు. కాని పేరు చూచి కాక, వెనుకవైపు సోడియమెన్ని మిల్లీగ్రాములని చదివి కొనవలయును. మెగ్నీషియము మాత్రలు కొంకర్లు మాన్పునని ప్రచారము; వృద్ధుల కొంకర్లపై జరిగిన పరిశోధనలలో చెప్పుకోదగిన మేలు కానరాలేదు. సైకిలువాని కొంకరకు కండ అలసటయే తఱచు కారణము. కాఫీలోని కెఫీను నిజముగా సాయపడును, కిలోకు 3 మిల్లీగ్రాములు చాలును. నిద్రకు మాత్రము శత్రువు. బీటురూటు రసము ప్రయాసకు కావలసిన ప్రాణవాయువును కొంత తగ్గించునని 2009లో ఇంగ్లండున ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారు చూపిరి. బాగుగా సాధనచేసినవారికి ఆ లాభము స్వల్పము. ఇనుము లోపము స్త్రీలకు ఎక్కువ. త్రొక్కుచున్న కొలది ఆయాసము పెరిగిన, నెత్తురు పరీక్షించుకొని వైద్యులు చెప్పినగాని మాత్ర మ్రింగరాదు. మఱియు 2004లో ప్రకటితమైన జర్మనీ పరిశోధనలో, 13 దేశములలో కొన్న 634 పోషక పదార్థములలో 94 యందు పేరు చెప్పని హార్మోను మందులు బయటపడెను. డబ్బా ఎంత మెఱసినను లోపలిది తెలియదు.

ఒక హెచ్చరిక. ఈ ఉప్పు చెమటోడ్చిననాటికే. దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదను నియమము మిగిలిన దినములకు చెల్లుచునే యుండును. రక్తపుపోటు, మధుమేహము, మూత్రపిండవ్యాధి గలవారు వైద్యుని అడుగక దీనిని పాటింపరాదు.

కార్తికమాసమున మా మరిది మరల 300 కిలోమీటర్లకు పోయెను. ఉప్పు చక్కెర తూచి కట్టిన పొట్లములు పండ్రెండు నేనే అతని సంచిలో పెట్టితిని. ఈమాఱు “దప్పికైనపుడు త్రాగుము, గంటగంటకు తినుము, తోచనపుడు దిగి కూర్చుండుము” అని చెప్పితిని. రాత్రి వచ్చి, చెప్పకమునుపే తూకమెక్కెను: 63 కిలోల 200 గ్రాములు. ఉంగరము వ్రేలిపై సులువుగా తిరుగుచుండెను. “పెరుగన్నము పెట్టుము వదినా, ఊరగాయ మఱవకుము” అనెను. మా అత్తగారు లేచి తానే వడ్డించిరి.

సైకిలు త్రొక్కువాడు తానే గుఱ్ఱము, తానే సారథి. పదునాలుగు గంటల ఎండకు సారథి బుద్ధి మందగించునపుడు, ఇంటివారు ముందుగా కట్టియిచ్చిన పొట్లము, చెప్పియుంచిన మాట అతనిని నడుపును. మీ యింట కొడుకుగాని, కూతురుగాని, మీరేగాని సైకిలెక్కినయెడల నేను చేసిన తప్పు చేయకుడు. ఉబ్బిన వ్రేళ్లు, తలనొప్పి, వాంతి, తప్పిన మాట కనబడిన వెంటనే నీటిచెంబు క్రింద పెట్టి, వైద్యునికడకు కొనిపొండు.