వీపున కన్ను

ముందుచూపు గల మనిషిని మనం మెచ్చుకుంటాం. తొందరపాటు మనిషిని మందలించవలసి వస్తే మాత్రం "వెనకా ముందూ చూసుకోవద్దుటయ్యా!" అంటాం. మీరు గమనించారో లేదో, ఆ మాటలో వెనకే ముందు వచ్చింది. మోటారు బండిని తలుచుకుని పెద్దలు ఆ జాతీయం కల్పించి ఉండరు గాని, బండి తోలేవాళ్ళకు అంతకన్న మంచి సలహా మరొకటి లేదు.

వెనక చూసుకోవడానికి మోటారు బండ్లవాళ్ళు చాలా కాలంగానే పాట్లు పడుతున్నారు. 1911లో అమెరికాలోని ఇండియానాపోలిస్ పందెంలో రే హారూన్ అనే ఆయన తన బండికి అద్దం బిగించుకుని దిగాడు, గెలిచాడు కూడా. 1956లో బ్యూక్ కంపెనీవారు సెంచూరియన్ అనే నమూనా కారును ప్రదర్శనకు పెట్టి, అందులో అద్దానికి బదులు వెనక ఒక టెలివిజన్ కెమేరా, ముందు ఒక చిన్న తెర అమర్చారు. ఆ రోజుల్లో అది వింత. ఈనాడు అదే ఏర్పాటును ఇంటి వాకిట్లో ఒక పూటలో బిగించుకోవచ్చు. 2024 వేసవి సెలవులలో డల్లాస్ నగరం దగ్గర మా చెల్లెలి ఇంట బావగారు ఆ పని చేస్తూంటే, కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను.

ఆయన కొన్నది ఆర్.వి. అనే బండి. చక్రాల మీద ఇల్లు అనుకోండి. పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అన్నీ అందులోనే. పొడవు 25 అడుగులు. డ్రైవరు తల పైన ఉండే అద్దంలోకి చూస్తే వెనక రోడ్డు కాదు, వంటింటి అలమర కనిపిస్తుంది. మిగిలినవి రెండు పక్కల అద్దాలు. అవి బండి పక్కలను చూపుతాయే గాని వీపును చూపలేవు. ఆ వీపు వెనక మనిషి కాదు, ఏనుగు నిలబడినా తెలియదు.

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. బండి వెనక్కు వస్తూ తగలడం వల్ల అమెరికాలో ఏటా సగటున 210 మంది చనిపోతున్నారనీ, 15,000 మంది గాయపడుతున్నారనీ అక్కడి ప్రభుత్వం 2014లో అంచనా కట్టింది. చనిపోయినవారిలో నూటికి 31 మంది అయిదేళ్ళ లోపు పిల్లలు, 26 మంది డెబ్బై ఏళ్ళు పైబడినవారు. అంటే ఇంట్లో మనుమలూ, తాతా అమ్మమ్మలూ అన్నమాట. న్యూయార్కు రాష్ట్రంలో 2002లో ఒక రెండేళ్ళ పసివాడు కన్నతండ్రి వెనక్కు తోలుతున్న బండి కింద పడి పోయాడు. ఆ తండ్రి పిల్లల వైద్యుడు. ఆ బిడ్డ పేరు మీదనే 2008లో చట్టం వచ్చింది. దాని ప్రకారం 2018 మే 1 నుంచి అక్కడ తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక దృశ్యం చూపే కెమేరా తప్పనిసరి అయింది.

అయితే ఆ నియమం సరుకుతో సహా 10,000 పౌన్లు, అంటే సుమారు 4,536 కిలోలు మించని బండ్లకే. బావగారి బండి ఫోర్డు ఇ-450 చట్రం మీద కట్టినది. దాని నిండు బరువు 14,500 పౌన్లు. చిన్న కారుకు కన్ను పెట్టిన చట్టం ఈ పెద్ద బండి జోలికి రాలేదు.

తొలి ప్రయాణం నాడు మా అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వెనక జంట చక్రాలు కావడంచేత మొత్తం ఆరు కాయలు. ఆరోది పెట్టి, వెనక నుంచి చుట్టూ తిరిగి వస్తోంది. నాలుగేళ్ళ మేనల్లుడు ఆమె కొంగు పట్టుకుని ఉన్నాడు. బావగారు ఇంజను వేశారు. బండిని ముందు వెనక్కు తీసి వీధిలోకి తిప్పాలి. రెండు అద్దాలూ చూసుకున్నారు, ఎవరూ లేరు.

"అమ్మేదండీ?" అంది చెల్లాయి.

గేరు మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏమీ జరగలేదు. కాని ఆ పూటకు ప్రయాణం ఆగింది.

"నిమ్మకాయలు పెట్టడం తప్పా బాబూ?" అంది అమ్మ నొచ్చుకుని.

"మీరు పెట్టడం తప్పు కాదండీ అత్తయ్యగారూ. మీరున్నారని నాకు తెలియకపోవడం తప్పు," అన్నారాయన. ఆ రాత్రే 180 డాలర్లకు వైర్‌లెస్ కెమేరా తెప్పించే ఏర్పాటు చేశారు.

వైర్‌లెస్ అనగానే తీగలే ఉండవనుకుంటాం. తీగ లేనిది బొమ్మకే. బొమ్మ రేడియో తరంగాల మీద వెనక నుంచి ముందుకు వస్తుంది గనుక 25 అడుగుల తీగను గోడల గుండా లాగే బాధ తప్పుతుంది. కెమేరాకు కరెంటు మాత్రం కావాలి. అది ఎక్కడిది? అంత వెడల్పు బండ్లకు వెనక పైభాగాన మధ్యలో మూడు ఎర్ర దీపాలు వరసగా ఉంటాయి. వాటి నడిమి దీపం విప్పితే 12 వోల్టుల తీగలు చేతికి వచ్చాయి. ముందుగా బావగారు బాటరీ తీగ ఊడదీశారు. దీపాన్ని విప్పాక క్షణం సేపు మళ్ళీ కలిపి, మీటరు పెట్టి ఏది ధన తీగో ఏది ఋణ తీగో చూసుకుని, తిరిగి ఊడదీశారు. రంగు చూసి నమ్మకూడదట. అతుకులకు వేడి తగిలితే బిగుసుకునే గొట్టాలు తొడిగారు. ఆ దీపాన్ని తిరిగి వెలిగించి, దాని పైనే కెమేరా బిగించి, మరల చుట్టూ సీలెంటు దట్టంగా పూశారు. వాననీరు లోపలికి దిగిందంటే గోడలోని కొయ్య కుళ్ళిపోతుంది.

"బావగారూ, ఆ దీపాలు వేస్తేనే కదా కెమేరాకు కరెంటు! దీపాలు వెయ్యడం మరిచిపోతే?" అన్నాను.

"వెనక్కు వెళ్ళేటప్పుడు వెలిగే తెల్ల దీపానికి కలిపితే దానంతట అదే వస్తుంది. కాని రోడ్డు మీద పోతున్నంతసేపూ వెనకవచ్చేది కనబడదు. నాకు రెండూ కావాలి. అందుకని ఇంట్లో నియమం పెట్టుకుందాం: తెర నల్లగా ఉంటే బండి కదలదు," అన్నారు.

తెరను ముందు బల్ల మీద అమర్చి, సిగరెట్టు సాకెట్టు నుంచి కరెంటు ఇచ్చి, రెంటినీ జతపరిచారు. మొదట బొమ్మ తడబడింది. దారిలో ఇనుము, ఫ్రిజ్ అడ్డమైతే తరంగాలు నీరసిస్తాయి. తెరను ఒక జానెడు పక్కకు జరిపేసరికి నిలకడ పడింది. కుడి ఎడమలు అద్దంలో మాదిరిగా కనబడేటట్టు బొమ్మను తిప్పే మీట కూడా ఉన్నది. దానిని సరిచూసుకోకపోతే కుడివైపు ఉన్న మనిషి ఎడమవైపు ఉన్నట్టు తోస్తాడు.

ఇక పరీక్ష. ఇంజను ఆపి, తాళం చెల్లాయి చేతికి ఇచ్చారు. బండి వెనక అంచు నుంచి టేపుతో కొలిచి 3, 6, 10 అడుగుల దూరాన ఒక్కొక్క నిమ్మకాయ పెట్టాం. తెర మీది గీతలు వాటికి సరిపోయేటట్టు దిద్దారు. కెమేరాను బండి అంచు బొమ్మ అడుగున సన్నగా కనిపించేదాకా కిందికి వంచారు. అప్పుడు మేనల్లుణ్ణి అంచుకు ఆనించి నిలబెడితే నడినెత్తి కనిపించింది. అమ్మ ముందు సీట్లో కూర్చుని తెర చూసి, "అదుగో మన వెధవ!" అని మురిసిపోయింది.

అయినా ఈ కన్ను సర్వజ్ఞమేమీ కాదు. బొమ్మ రావడంలో లిప్తపాటు ఆలస్యం ఉంటుంది, కాబట్టి నడిచే మనిషికన్న నెమ్మదిగా వెనక్కు రావాలి. వానచినుకు పడినా దుమ్ము పట్టినా చూపు మసకబారుతుంది. బండి పక్క నుంచి పరుగెత్తి వచ్చే పిల్లవాడు చట్రంలోకి వచ్చేదాకా కనబడడు. అందుకే కెమేరా ఉన్నా ఒక మనిషి దిగి, డ్రైవరుకు కనబడేచోట నిలబడి చెయ్యి ఊపాలన్నారు బావగారు. ఆ మనిషి అద్దంలో కనబడకపోతే వెంటనే ఆపాలి.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు వెనక అడ్డం వస్తే కూత పెట్టే సెన్సార్లు తప్పనిసరి చేశారు. మంచిదే. కాని అంతకుముందు కొన్న కార్లు మన వాకిళ్ళలో చాలా ఉన్నాయి. ఇరుకు సందుల్లో వెనక్కు వచ్చే లారీలూ, ట్రాక్టర్లూ ఉన్నాయి. మీ ఇంట బండి ఏదైనా సరే, తాళం తిప్పేముందు ఒకసారి చుట్టూ తిరిగి రండి. పిల్లలు ఎక్కడున్నారో, పెద్దవాళ్ళు ఎక్కడున్నారో పేరుపేరునా అడగండి. జవాబు వచ్చిన తరువాతనే గేరు వెయ్యండి. దానికి పట్టేది అరనిమిషం.