మొదటి కైట్‌బోర్డు: ఎంత పెద్దది, ఎందుకు?

వేసవి మధ్యాహ్నాలు శాన్ మటేయో వంతెన మీదుగా కారులో వెళ్ళేవాళ్ళకి ఫాస్టర్ సిటీ పక్కన నీళ్ళ మీద రంగురంగుల గాలిపటాలు కనిపిస్తాయి. ఒక్కొక్క పటం కింద ఒక మనిషి, ఆ మనిషి కాళ్ళ కింద ఒక పలక. ఇదే కైట్‌బోర్డింగ్. నాకు ఈ పిచ్చి ఉందని తెలిసిన మనవాళ్ళు పార్టీల్లో కనబడగానే అడిగే మొదటి ప్రశ్న, “ఏ బోర్డు కొనమంటారు?” అని. పటం గురించి ఎవరూ అడగరు. షాపు గోడ మీద బోర్డులకి వేసే బొమ్మలు అంత అందంగా ఉంటాయి మరి!

బోర్డుల్లో ముఖ్యంగా మూడు రకాలు. రెండు చివర్లూ ఒకేలా ఉండే ‘ట్విన్ టిప్’, అలల మీద వాడే సర్ఫ్‌బోర్డు, అడుగున పొడుగాటి కాడ, దానికి రెక్క ఉండే ‘ఫాయిల్’ బోర్డు. మొదటిసారి కొనేవాళ్ళకి ట్విన్ టిప్ తప్ప మరొకటి వద్దు. ఎడమ వైపు వెళ్ళినా కుడి వైపు వెళ్ళినా కాళ్ళు మార్చుకోనక్కరలేదు. నేర్చుకునే రోజుల్లో అదే పదివేలు. కనక ఇక్కడినుంచి బోర్డు అంటే ట్విన్ టిప్ అనే అనుకోండి.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. ఈ బోర్డు తెప్ప కాదు. 140 సెంటీమీటర్ల పొడుగు, 42 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు ఒక సెంటీమీటరు మందం ఉన్న బోర్డు ఘనపరిమాణం లెక్క కడితే ఆరు లీటర్ల లోపే వస్తుంది. అంటే దాన్ని పూర్తిగా ముంచినా నీరు పైకి నెట్టగలిగేది ఆరు కిలోల లోపు బరువునే. అందులో బోర్డు సొంత బరువే మూడు కిలోల దాకా ఉంటుంది. మరి 75 కిలోల మనిషిని ఎలా మోస్తుంది? ఆగి ఉన్నప్పుడు మోయదు. చిన్నప్పుడు చెరువులో చిల్లపెంకు విసిరి కప్పగంతులు వేయించినవాళ్ళకి మిగతాది చెప్పక్కరలేదు. పెంకు వేగంగా, కాస్త ఏటవాలుగా వెళ్ళినంతసేపూ నీటిని కిందకి నెడుతుంది, నీరు దాన్ని పైకి నెడుతుంది. వేగం తగ్గగానే బుడుంగుమంటుంది. మన బోర్డూ అంతే. ఇలా నీటిపైకి లేచి జారడాన్ని ‘ప్లేనింగ్’ అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. నీరు పైకి నెట్టే బలం బోర్డు వైశాల్యంతో పాటు పెరుగుతుంది. వేగంతో అయితే ఇంకా ఎక్కువగా, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 136 పొడుగు, 41 వెడల్పు ఉన్న బోర్డుని ఒక దీర్ఘచతురస్రం అనుకుంటే వైశాల్యం 5576 చదరపు సెంటీమీటర్లు. 150 పొడుగు, 45 వెడల్పు అయితే 6750. నిజానికి చివర్లు గుండ్రంగా ఉంటాయి కనక రెండూ కొంత తగ్గుతాయి, పోల్చడానికి ఈ లెక్క చాలు. పెద్దది 21 శాతం పెద్దది. అదే మనిషిని అదే ఏటవాలుతో నిలబెట్టడానికి దానికి సుమారు 9 శాతం తక్కువ వేగం చాలు.

“ఇంతోటి 9 శాతానికేనా?” అనకండి. ఆగి ఉన్న బోర్డు లేచి జారడం మొదలుపెట్టేలోపు ఒక ఎత్తు దాటాలి. అప్పటికింకా అది నీటిని కోసుకుంటూ, తన ముందు తానే ఒక అలని నెట్టుకుంటూ పోతుంది. నీటి నిరోధం అక్కడ పెరుగుతుంది, దాటగానే ఒక్కసారిగా తేలికవుతుంది. ఇంగ్లీషులో దీన్ని ‘హంప్’ అంటారు, మనం మూపురం అందాం. కొత్తవాళ్ళు పడేదంతా ఈ మూపురం దగ్గరే. బోర్డు చిన్నదైతే మూపురం దాటడానికి ఎక్కువ లాగుడు కావాలి. ఆ లాగుడు కోసం పటాన్ని నెత్తిమీదనుంచి కిందకి గట్టిగా దూకిస్తారు. పటం అలా దూకేటప్పుడు దానికి తగిలే గాలి వేగం పెరుగుతుంది, లాగే బలమూ ఆ వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. బోర్డు అందుకోలేదు, మనిషి బోర్డు దాటి బోర్లా ముందుకి పడతాడు, పటం ఇంకా లాగుతూనే ఉంటుంది. నీళ్ళలో అయితే నవ్వుకుంటూ లేవచ్చు, ఒడ్డు దగ్గరలో రాళ్ళుంటే నవ్వు రాదు. అందుకే మొదటి బోర్డు కాస్త పెద్దది కావాలనడం వట్టి సౌకర్యం కోసం కాదు. పటాన్ని నెమ్మదిగా ఆడించినా లేవగలిగే బోర్డు ఎముకలని కాపాడుతుంది.

అలాగని దొరికినంత పెద్దది కొనేయకూడదు. 160 సెంటీమీటర్లు దాటిన వెడల్పాటి బోర్డులని కైటర్లు సరదాగా ‘తలుపులు’ అంటారు. పది పన్నెండు నాట్ల గాలికి అవి బ్రహ్మాండం. అదే ఇరవై నాట్లు దాటి, నీరు గతుకుల రోడ్డులా ఉన్నప్పుడు, ఆ తలుపు అంచుని నీటిలోకి దించడం కొత్తవాళ్ళ కాళ్ళకి సాధ్యం కాదు. అంచు దించకపోతే ఆగడం ఉండదు.

నేను చెప్పే కొలతలు ఇవి. 60 కిలోల లోపు వాళ్ళకి 132 నుంచి 136 పొడుగు, 39 లేదా 40 వెడల్పు. 75 కిలోల ప్రాంతంలో 138 నుంచి 142, వెడల్పు 41 లేదా 42. 90 దాటితే 145 నుంచి 150, వెడల్పు 43 పైన. రెండు కొలతల మధ్య ఊగిసలాడుతుంటే పెద్దదే తీసుకోండి. బరువు చూసుకోవాలి కాని ఎత్తు కాదు. ఆరడుగుల సన్నపాటి మనిషికి పొడుగాటి బోర్డు అంటగట్టే సేల్స్‌మన్లు ఉన్నారు, జాగ్రత్త. పొడుగు కంటే వెడల్పు ముఖ్యం. ఒకే పొడుగున్న రెండు బోర్డుల్లో రెండు సెంటీమీటర్లు వెడల్పైనది తొందరగా లేస్తుంది.

తరవాత చూడాల్సింది వంపు. బోర్డుని చదునైన నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి, చివర్లు నేలనుంచి ఎంత లేచి ఉన్నాయో తెలుస్తుంది. దీన్ని ‘రాకర్’ అంటారు. ఎక్కువ వంపున్న బోర్డు గతుకుల మీద మెత్తగా పోతుంది, గెంతి దిగినప్పుడు మోకాళ్ళని ఆదుకుంటుంది, కాని నీటిని ఎక్కువ నెడుతుంది కనక లేవడానికి బద్ధకిస్తుంది. తక్కువ వంపున్నది తొందరగా లేస్తుంది, గాలికి ఎదురుగా కూడా బాగా వెళ్తుంది. మొదటి బోర్డుకి తక్కువ వంపు, మధ్యస్థంగా వంగే గుణం ఉంటే చాలు. కార్బన్ అంటూ ఎక్కువ డబ్బు అడిగితే నవ్వి ఊరుకోండి. చెక్క మీద ఫైబర్‌గ్లాసు వేసినది హాయిగా ఉంటుంది.

గాలికి ఎదురుగా వెళ్ళడం అన్నాను కదా, అది ఒక్కటి వచ్చేదాకా ఈ ఆటలో సగం నడకే. పటం మనల్ని ఎప్పుడూ గాలివాలుకి ఈడుస్తుంది. బోర్డు అంచు, అడుగునుండే నాలుగు చిన్న ఫిన్‌లు నీటిని పట్టుకుని ఆ ఈడ్పుని ఆపితేనే బయల్దేరిన చోటికి తిరిగి రాగలం. లేకపోతే అర మైలు అవతల తేలి, బోర్డు చంకన పెట్టుకుని, ఒక చేత్తో పటం ఆడిస్తూ ఇసుకలో వెనక్కి నడవాలి. పక్క అంచులు కాస్త తిన్నగా ఉన్న బోర్డు, నాలుగైదు సెంటీమీటర్ల ఫిన్‌లు ఈ నడకని తగ్గిస్తాయి.

కాళ్ళకి మెత్తటి ప్యాడ్‌లు, పట్టీలు ఉన్నది తీసుకోండి. బూట్లలా బిగించేవి వద్దు. పడినప్పుడు బోర్డు కాళ్ళనుంచి ఊడిపోవాలి, ఊడకపోతే మోకాలు మెలితిరుగుతుంది. మధ్యలో పట్టుకోవడానికి పిడి ఉండాలి.

బోర్డు ఊడిపోతే దొరికేదెలా అని చాలామందికి బెంగ. దానికి తాడు కట్టి నడుముకి తగిలించుకుంటామంటారు. దయచేసి ఆ పని చేయకండి. పటం మిమ్మల్ని ముందుకి లాగుతుంటుంది, బోర్డు నీటిలో లంగరులా వెనక నిలుస్తుంది, తాడు సాగుతుంది. ఆ తరవాత బోర్డు నీటినుంచి ఊడి ఉండేలు దెబ్బలా సూటిగా తల వెనక్కి వస్తుంది. దానికి బదులు స్కూల్లో ‘బాడీ డ్రాగ్’ నేర్పుతారు. ఒక చెయ్యి నీటిలో చాపి ఫిన్‌లా వాడుకుంటూ, బోర్డు లేకుండా ఒంటితోనే గాలికి ఎదురుగా వంకరటింకరగా పోయి బోర్డుని అందుకోవడం. అది రానిదే బోర్డు కొనే తొందర వద్దు. హెల్మెట్, తేలే జాకెట్ ఎలాగూ ఉండాలి. నుయ్యిలో ఈత నేర్చుకున్న ధైర్యం ఇక్కడ చాలదు, బే నీళ్ళు వేసవిలో కూడా చల్లన, వెట్‌సూట్ కావాలి.

ఫాయిల్ బోర్డు మీద ఆశ ఉన్నవాళ్ళకి ఒక మాట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో, మార్సే తీరాన, కైట్ పందాలు మొదటిసారిగా జరిగినప్పుడు అందరూ ఎక్కింది ఫాయిలే. టీవీలో చూస్తే గాలిలో తేలినట్టుంటుంది. కాని ఆ కింది రెక్క కత్తిలాంటిది. ట్విన్ టిప్ మీద రెండువైపులా వెళ్ళి రావడం వచ్చాక చూసుకోవచ్చు.

ఎప్పుడు కొనాలంటారా? పాఠాలు మొదలుపెట్టాకే. స్కూలు వాళ్ళు పాఠానికి బోర్డు ఇస్తారు. మా వైపు చాలామంది అలమీడాలోని క్రౌన్ బీచ్‌లో నేర్చుకుంటారు, ఇసుక అడుగు, లోతు తక్కువ. సెంట్రల్ వ్యాలీ వేడెక్కి గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ గుండా దూరి వస్తుంది, అందుకే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు గాలికి లోటుండదు. రెండు మూడు కొలతల బోర్డులు అక్కడే అడిగి ఎక్కి చూడండి.

బోర్డు పాతది కొన్నా పరవాలేదు, పదేళ్ళ నాటిదైనా నీరు దాన్ని గుర్తుపట్టదు. మిగిలిన డబ్బు పటానికి పెట్టండి. పటం మాత్రం పాతది వద్దు. 2005 ప్రాంతంలో బో రకం రాకముందు నాటివాటిలో గాలి హెచ్చినప్పుడు లాగుడుని చటుక్కున తగ్గించే వీలు చాలా తక్కువ, చవగ్గా అమ్మేవి తరచు అవే.

పాత బోర్డు కొనేటప్పుడు కుండ కొన్నట్టు అంతటా వేలితో తట్టి చూడండి. ఒకచోట డొల్ల శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయాయన్నమాట, వదిలేయండి. పాదాలు ఆనేచోట బొటనవేలితో గట్టిగా నొక్కండి, మెత్తగా దిగితే చెక్క నీరు తాగింది. అంచుల్లో చీలికలు చూడండి. పైపై గీతలకి భయపడక్కరలేదు, బేరానికి పనికొస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, పట్టీల మరలు, ఫిన్ మరలు అమ్మేవాడి ముందే విప్పించి మళ్ళీ బిగించండి. ఉప్పుకి తుప్పు పట్టి మర అరిగిపోయినా, గుండ్రంగా తిరుగుతూ బిగుసుకోకపోయినా ఆ బోర్డుకి మరమ్మతు ఖరీదు ఎక్కువ. ఇంటికి తెచ్చాక వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగండి. ఫిన్ మరలు ఓ నాలుగు, ఒక స్క్రూడ్రైవరు కారు డిక్కీలో పడేసుకోండి. గాలి బాగున్న రోజునే అవి ఊడతాయి.