కొండదారిలో కెమెరా సంచి

నంద్యాల నుండి కడప వైపు సాగే రహదారిపై సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఆళ్లగడ్డ ఉంది. అక్కడి నుండి తూర్పుగా మళ్లి, పొలాలను దాటి వెళితే నల్లమల పాదాన దిగువ అహోబిలం కనిపిస్తుంది. ఎగువ అహోబిలం మరో 8 కిలోమీటర్లు. అక్కడి వరకు బస్సు వెళుతుంది. ఆపైన జ్వాలా నరసింహుని సన్నిధికి గాని, కొండకొమ్మున చీలిన బండగా నిలిచిన ఉగ్రస్తంభానికి గాని చేరాలంటే కాలినడక తప్పదు. ఈ మార్గం ఎంత దుర్గమమో తిరుమంగై ఆళ్వారు తన పాశురాలలోనే వర్ణించాడు. నేడు మెట్లు, ఇనుప కమ్ములు కొంత మేర ఏర్పడినా, భవనాశి వాగు పక్కన బండరాళ్ల మీదుగా నడవవలసిన చోట్లు ఇంకా ఉన్నాయి.

ఈ దారిన నడిచేవారిలో భక్తులతోపాటు ఛాయాచిత్రకారులు కూడా ఉంటారు. వారిలో పలువురు వేల రూపాయలు వెచ్చించి కెమెరాను ఎంపిక చేసుకుంటారు గాని, దానిని మోసే సంచి విషయంలో ఉదాసీనత చూపుతారు. కెమెరాతోపాటు అంగడివారు ఇచ్చిన సంచిని ఒక భుజానికి తగిలించుకొని బయలుదేరుతారు. సమతలం మీద అది ఇబ్బంది పెట్టదు. ఏటవాలు బండపై వంగి, చేతితో ఆనుకొని ఎక్కే సమయంలో ఆ సంచి జారి ముందుకు ఊగుతుంది. శరీరాన్ని ఒక పక్కకు లాగుతుంది. లోయ అంచున ఆ ఒక్క ఊపు చాలు, కాలు తప్పడానికి. కావున కొండదారికి పనికివచ్చేది రెండు భుజాలకూ తగిలించుకొని వీపున మోసే సంచి మాత్రమే.

బరువు మోయడంలో మన పెద్దల అనుభవం తక్కువది కాదు. కావడి మోసేవాడు రెండు వైపులా సమానమైన బరువు ఉండేలా చూసుకుంటాడు. బిందె మోసే స్త్రీ తలపై చుట్టకుదురు పెట్టుకుంటుంది. దానివలన బరువు ఒకే బిందువు మీద పడక విస్తరిస్తుంది. వెన్నెముక మీదుగా నిటారుగా కిందికి దిగుతుంది. అహోబిలంలో వృద్ధులను డోలీలో మోసుకుపోయేవారు భుజం మీద తువాలు మడతపెట్టుకోవడంలోని రహస్యమూ ఇదే. మంచి సంచి నిర్మాణంలో ఈ సూత్రాలే పనిచేస్తాయి. భుజాల పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. అంతకన్న ముఖ్యమైనది నడుము పట్టీ. భుజాలు ఎక్కువసేపు బరువు భరించలేవు. తుంటి ఎముకలు భరించగలవు. సరిగా బిగించిన నడుము పట్టీ బరువులో అధిక భాగాన్ని తుంటికి అప్పగిస్తుంది. భుజాల పట్టీలు సంచి వెనుకకు వాలకుండా పట్టి ఉంచితే చాలు. పేరుకు మాత్రమే నడుము చుట్టూ ఒక సన్నని నాడాను కుట్టిన సంచులు అంగళ్లలో కొల్లలుగా ఉంటాయి. అవి సంచిని కదలకుండా ఉంచుతాయే గాని బరువును మోయవు.

ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహం చెక్కేముందు శిలపై నిలువుగా ఒక గీత గీస్తారు. శిల్పశాస్త్రంలో దానికి బ్రహ్మసూత్రమని పేరు. విగ్రహం నిలకడ ఆ గీతపై ఆధారపడుతుంది. నడిచే మనిషికి కూడా అటువంటి గీత ఒకటి ఉన్నదనుకోవచ్చు. సంచి గురుత్వకేంద్రం వీపు నుండి ఎంత దూరం జరిగితే, శరీరాన్ని వెనుకకు లాగే భ్రామక ప్రభావం అంత పెరుగుతుంది. 8 కిలోల బరువు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పటి కంటే 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు రెట్టింపు ప్రభావం చూపుతుంది. దానిని సరిదిద్దుకోవడానికే మనిషి ముందుకు వంగి నడుస్తాడు. గంట గడిచేసరికి నడుము నొప్పి మొదలవుతుంది. అందుచేత బరువైన లెన్సును వీపుకు ఆనే అరలోనే ఉంచాలి. తేలిక వస్తువులను వెలుపలి అరల్లో పెట్టవచ్చు.

ఇక సంచి పొడవు. ఇది మనిషి ఎత్తును బట్టి కాక వీపు పొడవును బట్టి నిర్ణయింపబడుతుంది. తల వంచినప్పుడు మెడ వెనుక ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుండి తుంటి ఎముక పైఅంచుకు సమానమైన ఎత్తు వరకు టేపుతో కొలవాలి. ఒకే ఎత్తు గల ఇద్దరు మిత్రుల వీపు కొలతలు వేరు కావచ్చు. ఒకరికి హాయిగా ఉన్న సంచి మరొకరికి శిక్షగా పరిణమించడానికి కారణమిదే.

బరువు ఎంత ఉండాలి? బడిపిల్లల సంచి వారి శరీర బరువులో 10 శాతానికి మించరాదని 2020 నాటి జాతీయ పాఠశాల సంచి విధానం సూచించింది. యువకులు అంతకు కొంత మించి మోయగలిగినా, ఎండలో ఎక్కేవారికి అది మంచి కొలమానమే. 60 కిలోల విద్యార్థికి ఆ లెక్కన 6 కిలోలు. కెమెరా 800 గ్రాములు, సాధారణ లెన్సు 600 గ్రాములు, దూరపు దృశ్యాల లెన్సు కిలోన్నర, ట్రైపాడ్ కిలోన్నర, రెండు లీటర్ల నీరు 2 కిలోలు, ఆహారం, వానకోటు కలిసి ఒక కిలో, ఖాళీ సంచి 1.6 కిలోలు అనుకుంటే మొత్తం 9 కిలోలవుతుంది. 3 కిలోలు అధికం. ఇక్కడ చాలామంది తగ్గించేది నీటిని! నంద్యాల ప్రాంతపు వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది; ఆ ఎండలో ఇంతకంటే అవివేకం లేదు. ఉగ్రస్తంభం వంటి విశాల దృశ్యానికి సాధారణ లెన్సు చాలును. ట్రైపాడ్ లేకున్నా కెమెరాను బండపై ఆనించి చిత్రం తీయవచ్చు. ఆ రెండింటినీ విడిచిపెడితే లెక్క సరిగా 6 కిలోలకు వస్తుంది.

వీపుకు, సంచికి మధ్య గాలి ఆడేలా వలగుడ్డ బిగించిన సంచులు వేసవిలో ఆకర్షణీయంగా తోస్తాయి. చెమట తక్కువ పడుతుందన్నది నిజమే. అయితే ఆ ఖాళీ వలన బరువు వీపుకు దూరమవుతుంది. కెమెరా వంటి బరువుకు చెమటను సహించడమే మేలు. జిప్పు వీపు వైపున ఉంటే మరింత ఉపయోగం. బురదలో దించినా పట్టీలు పైకే ఉంటాయి. వెనుక నడిచేవారికి జిప్పు అందదు. అహోబిలంలో కోతుల బెడద తెలిసినవారు వెలుపలి అరలో అరటిపళ్లు పెట్టరు.

సంచిని అంగడిలో ఖాళీగా తగిలించుకొని చూడడం వృథా. ఖాళీగా ఉన్న ప్రతి సంచీ సుఖంగానే ఉంటుంది. ఇంటి నుండి కిలో చొప్పున ఆరు బియ్యం పొట్లాలు తీసుకువెళ్లి, అందులో సర్ది, పావుగంట సేపు మెట్లు ఎక్కి దిగాలి. అంగడివారు నవ్వినా నష్టం లేదు. మొదట నడుము పట్టీ, తరువాత భుజాల పట్టీలు, చివరకు రొమ్ము పట్టీ, ఈ క్రమంలో బిగించాలి. భుజాల మీద ఎర్రని చారలు పడితే ఆ సంచిని అక్కడే విడిచిపెట్టవచ్చు.

వానల తరువాత భవనాశిలో నీరు పారుతున్నప్పుడు మాత్రం ఈ క్రమం తారుమారవుతుంది. పాచి పట్టిన రాళ్లపై వాగు దాటేముందు నడుము పట్టీని, రొమ్ము పట్టీని విప్పి, భుజాల పట్టీలను వదులు చేసుకోవాలి. కాలుజారి నీటిలో పడితే, బిగించిన సంచి మనిషిని లేవనీయదు. విప్పిన సంచిని ఒక్క విదిలింపుతో వదిలించుకోవచ్చు. లోపల ఎంత ఖరీదైన లెన్సు ఉన్నా సరే. ఆవలి గట్టు చేరిన తరువాత నీళ్లు తాగి, పట్టీలు మళ్లీ మొదటి నుండి బిగించుకొని ఎక్కడం కొనసాగించాలి.