పాత అలమారు: బాగు చేయుటా, పాఱవేయుటా?



అలమారు అను మాట పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినది. వస్తువు మాత్రము మన వంటయిండ్లలో ఉట్టికిని, గూటికిని చుట్టమై నిలిచినది. అది నల్లబడి రంగు లేచిపోయినప్పుడు కొడుకులు పాఱవేయుద మందురు, తల్లులు వలదందురు. ఆ తగవు తీర్చు భారము పెద్దలమీద పడును.

నేను తార్నాకలో నివసించుచున్నాను. ప్రక్కనే 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1939లో ప్రారంభమైన దాని ఆర్ట్సు కళాశాల రాతిభవనము నేటికిని చెక్కుచెదరక యున్నది. దాని చుట్టుపట్ల పెరటియిండ్లు మాత్రము పడి అంతస్తుల మేడలు లేచుచున్నవి. ఇల్లు పడినప్పుడెల్ల ఒక అలమారు వీధి కెక్కుచున్నది. పరీక్షింపక పాఱవేయరాదు, పరీక్షింపక ధనము వెచ్చింపను రాదు.

మొదట చేయవలసినది స్నానము. వంటయింటి కఱ్ఱమీద నూనెజిడ్డును, పొగయు కలిసి పొరగట్టును. గోరువెచ్చని సబ్బునీటిలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తవలెను. పెక్కుమాఱులు ఇంతమాత్రముననే అసలు మెఱుగు బయటపడును. అట్లు కాకున్నను శ్రమ వృథా కాదు; జిడ్డు పోయినగాని కొత్తరంగు పట్టదు.

రెండవది, కఱ్ఱ యేదో తెలిసికొనుట. సొరుగును ఊడదీసి వెనుక రంగుపడని చోటు చూడవలెను. టేకు బంగారు గోధుమవన్నెతో, నూనె పూసినట్లు నునుపుగా నుండును. అంచున పొరలు కనబడినచో ప్లైవుడ్డు. పొట్టును జిగురుతో అదిమిన పలకయైనచో నలుసులు కనబడును. అది నీరు త్రాగి ఉబ్బినచో మరల యథాస్థితికి రాదు. దానికి రంగువేయుట పుచ్చిన గుమ్మడికాయకు పసుపు రాచుట వంటిది.

మూడవది, చట్రము. పైయంచు పట్టి అటునిటు ఊపవలెను. అతుకులు వదులైనంత మాత్రమున భయము లేదు, వడ్రంగి బిగింపగలడు. అడుగుకాళ్లను, నీటితొట్టి చెంత పలకలను దబ్బనముతో గ్రుచ్చవలెను. వెన్నలోవలె దిగినచో అచ్చట కుళ్లినదని యెఱుగునది. ఒకటి రెండు అరలను మార్చవచ్చును. నిలువుకమ్ములన్నియు చెడినచో ఆశ వదలుకొనవలెను.

నాల్గవది, పురుగు. మట్టిగొట్టములు చెదల గుఱుతు. అప్పుడు ముందుగా గోడకును, నేలకును చికిత్స జరుగవలెను. సూదిబెజ్జములు మాత్రము పాతవి కావచ్చును. రాలిన పిండి తుడిచి, క్రింద నల్లకాగితము పఱచి కొన్ని వారములు చూడుడు. మరల పిండి రాలినచో పురుగు బ్రతికి యున్నది.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము. పాత రంగులలో సీస ముండవచ్చును. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు 1 నుండి అమలైనది. అంతకు పూర్వపు రంగును అనుమానింపవలెను. దానిని పొడిగా గీకినచో లేచు ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. ఇనుము చాలని శరీరము సీసమును మఱింతగా గ్రహించును. కావున రంగు గట్టిగా నున్నచో గీకక దానిపైననే పూయింపుడు. గీకక తప్పదేని, పిల్లలను గర్భిణులను దూరముగా నుంచి, తడిపి గీకింపుడు. పెచ్చులను పొయ్యిలో వేయరాదు.

పూతనుగూర్చి రెండు మాటలు. లక్కపూత అందమైనదే గాని వేడికిని, నీటికిని ఓర్వదు, పొయ్యిప్రక్కకు తగదు. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలవేయకుడు. అవి తమంత తామే వేడెక్కి మండగలవు. విప్పి ఆరుబయట ఆరవేయుడు.

ఇక లెక్క. బాగుచేయు ఖర్చును అదే కఱ్ఱతో కొత్తది చేయించు ఖర్చుతో పోల్చవలెను గాని చౌకపలక వెలతో కాదు. మా వీధి గృహస్థు డొకడు రెండు అలమారులను నాకు చూపెను. టేకుది నల్లగా వికారముగా నుండెను. పలకది తెల్లగా మెఱయుచుండెను. ఆయన టేకుదానినే అమ్మజూచెను. పరీక్షింపగా పలకది అడుగున ఉబ్బియుండెను. టేకుదానికి ఒక్క అర మాత్రమే పుచ్చియుండెను. ఆ అర మార్పించి దానిని నిలుపుకొనిరి.

టేకుమ్రాను పలకలకు తగినంత లావెక్కుటకు పలు దశాబ్దములు పట్టును. ఈ పరీక్షలలో పెక్కింటికి ఒక ఉదయము చాలును. ఆ ఉదయమును వెచ్చించి పిమ్మట తీర్పు చెప్పుడని మనవి.