ఒడ్డు మీద నుంచి సీటు మీదికి

అమీర్‌పేట మైత్రీవనం సందుల్లో ఏ గోడ చూసినా జావా, పైథాన్, డేటా సైన్స్. హాస్టల్ గదుల్లో శుక్రవారం రాత్రి మాటలు మాత్రం వేరు. ఎవరి నారు ఎంత ఎదిగింది, ఎవరి బావి కింద కరిగెట (నాట్లకు ముందు బురద దున్నడం) ఎప్పుడు? కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పిల్లలు. వాళ్లలో కొందరు నాలాగే శనివారం బస్సెక్కేది ట్రాక్టర్ నడపడానికే.

మా చిన్నతనంలో ఊరికి ఒకటో రెండో ఉండేవి. ఎర్ర మాస్సీ ఫెర్గూసన్, మహీంద్రా, హెచ్‌ఎంటీ. 1971లో చెకోస్లోవేకియా జెటర్ సాయంతో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ ఆ విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. పాత బండ్లు మాత్రం ఊళ్లలో ఇంకా దున్నుతున్నాయి. మడ్‌గార్డు మీద కూర్చోనిస్తే ఆ రోజు మాకు పండగ. అక్కడి నుంచి జారితే నేరుగా పెద్ద చక్రం కిందికే. ఇప్పుడు ఏ పిల్లాడు బతిమాలినా నేను ఎక్కించుకోను.

ఒడ్డు మీద నిలబడితే కనిపించేది పొగ, వినిపించేది చప్పుడు. అసలు పని సీటెక్కాకే తెలుస్తుంది. బ్రేకు పెడళ్లు రెండు, వెనక ఒక్కో చక్రానికి ఒకటి. మడి చివర లోపలి వైపుది తొక్కితే బండి ఉన్నచోటే తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపి బిగించాలి. మరిచిపోయి వేగంలో ఒక్కటే తొక్కితే బోల్తా. ఐర్లాండ్ రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసన్ తెచ్చిన మూడు కొక్కేల లింకేజీ, హైడ్రాలిక్ లిఫ్టు వల్లే నేల గట్టిపడిన చోట కల్టివేటర్ కాస్త పైకి లేచి, ఇంజన్ ఉక్కిరిబిక్కిరి కాకుండా ఉంటుంది. మాస్సీ ఫెర్గూసన్ పేరులో సగం ఆయనదే.

నాకు నేర్పింది ఊళ్లో కిరాయికి నడిపే అన్న. "తమ్మీ, ముందుకు జూసుడు అందరికొస్తది. ఎనకకు జూసుడు నేర్సుకో" అన్నాడు. చాలు ఎంత లోతు పడుతోందో, కరిగెటలో చక్రం ఎప్పుడు దిగబడబోతోందో ఇంజన్ గొంతును బట్టే చెప్తాడు. దిగబడ్డాక మొండిగా ముందుకు లాగితే ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. అందుకే రివర్స్‌లో రావాలి. ఇంత విద్య ఉన్నవాణ్ని కూలి లెక్కనే చూస్తున్నాం. ఇది అన్యాయం. అన్నిటికీ కోర్సు దొరికే అమీర్‌పేటలో దీనికి మాత్రం బోర్డు లేదు.

పంజగుట్ట నిమ్స్ ఆస్పత్రి ముందు నుంచే నేను ఆఫీసుకు వెళ్తాను. మొదట అది నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రి. కట్లతో బయటికొచ్చే పల్లె మనుషుల్ని చూస్తే నాకు ట్రాక్టర్ వెనక పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టు గుర్తొస్తుంది. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచు చిక్కితే చెయ్యి లాక్కునే వ్యవధి ఉండదు. రోటవేటర్‌లో గడ్డి చుట్టుకుంటే ముందు ఇంజన్ ఆపాలి, తర్వాతే దిగాలి.

ఈ వానాకాలం కరిగెట నాకే ఇస్తానన్నాడు అన్న. కరిగెటకు బిగించే ఇనుప చక్రాలు, కేజీవీల్స్, రోడ్డు మీద నడిపితే తారు చీలుతుంది కాబట్టి, వాటిని ట్రాలీలో వేసుకుని పొలం దగ్గరే బిగించాలట. తువ్వాల మెడలో వేసుకుని రావద్దన్నాడు.