మీకు తెలుసా? పొదిగే గుడ్డు బరువు తగ్గితీరాలి

ఇంక్యుబేటరులో పెట్టిన కోడిగుడ్డు, పెంకులోని వేలాది సూక్ష్మరంధ్రాల గుండా నీటిని ఆవిరిగా కోల్పోతూ, 21 రోజుల పొదుగుకాలంలో 18వ రోజు నాటికి తన బరువులో సుమారు 12 శాతం తగ్గుతుంది; ఆ మేరకు వెడల్పు కొనలోని గాలి గది, అంటే పిల్ల తొలి శ్వాస తీసుకునే ఖాళీ, పెరుగుతుంది. తేమ మితిమీరితే ఈ గది ఇరుకై పిల్ల ఊపిరాడక పెంకులోనే చనిపోవచ్చు. బాగా తగ్గితే లోపొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. అందువల్ల మొదటి 18 రోజులు గాలిలో తేమను 50–55 శాతం వద్ద, ఆ తరువాత 65–70 శాతం వద్ద ఉంచుతారు. నీటి పళ్లెం లోతు కన్నా దాని వైశాల్యమే తేమను పెంచుతుందన్న సంగతిని గమనించడం అవసరం. తేమమాపకం చూపే అంకె కన్నా, గుడ్లను మధ్యమధ్య తూచి చూడటమే నమ్మదగిన పరీక్ష.

గుడ్లను తిప్పడానికి కారణం వేరు: పచ్చసొన పైభాగాన ఉండే పిండం, గుడ్డు కదలకపోతే, పెంకు లోపొరకు అతుక్కుపోతుంది, మొదటి వారంలో ఈ ప్రమాదం అధికం. చేతితో తిప్పేవారు రోజుకు మూడు లేదా ఐదు సార్లు, అంటే బేసి సంఖ్యలో తిప్పితే, సుదీర్ఘమైన రాత్రి వేళ గుడ్డు ప్రతిసారీ ఒకే పక్క మీద ఉండిపోదు. 18వ రోజున, పిల్ల బయటికి వచ్చే భంగిమకు చేరుతున్నందున, తిప్పడం ఆపివేస్తారు.